ఫార్మాటాయ నమః!

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఏ కంప్యూటరు షాపుకైనా వెళ్ళండి. సిస్టమ్ మధ్యమధ్యలో బిగుసుకుపోతోందనో, ఫైలు కాపీ చేస్తుంటే సగంలో ఆగిపోతోందనో, బూటవ్వడానికి పావుగంట పడుతోందనో చెప్పండి. మీ మాట పూర్తి కాకుండానే కౌంటరు అవతలి కుర్రాడు తీర్పు చెప్పేస్తాడు. "బ్యాడ్ సెక్టార్లు పడ్డాయండి. ఫార్మాట్ కొట్టేద్దాం. అప్పటికీ అవ్వలేదంటే డిస్కు మార్చీడమే." మూత విప్పింది లేదు, లాగ్ చూసింది లేదు, కేబులు ముట్టుకున్నదీ లేదు. చెయ్యి పట్టుకుని నాడి చూడకుండానే ఆపరేషను థియేటరుకి తీసుకుపొమ్మన్నట్టు!

ఇది ఒక్క ద్వారకానగర్ జబ్బేమీ కాదు లెండి. సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గరా ఇదే మంత్రం, బెంగుళూరు ఎస్పీ రోడ్డులోనూ ఇదే మంత్రం. అయితే నాకు ఒళ్ళు మండేది ఆ షాపు కుర్రాణ్ణి చూసి కాదు. వాడికి రోజుకి పాతిక మిషన్లు తేల్చాలి. నాకు ఒళ్ళు మండేది మనల్ని చూసి. అవును, సాఫ్టువేరు ఇంజనీర్లం అని చెప్పుకు తిరిగే మనల్ని చూసే. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వరు పది నిమిషాలు పడుకుంటే చాలు, అర్ధరాత్రి బ్రిడ్జ్ కాల్ పెట్టి ఇరవై మందిని లేపుతాం. రూట్ కాజ్ ఏంటి, మళ్ళీ రాకుండా ఏం చేస్తాం అని నాలుగు పేజీల డాక్యుమెంటు రాస్తాం. అదే ఊళ్ళో ఉన్న నాన్న ఫోన్ చేసి "ఒరేయ్, కంప్యూటరు ఆగిపోతోందిరా" అంటే మాత్రం, "షాపుకిచ్చి ఫార్మాట్ చేయించెయ్ నాన్నా, డబ్బులు నేను పంపిస్తా" అంటాం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మన వ్యవహారం.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఫార్మాట్ అనేది రిపేరు కాదు. జబ్బేంటో చెప్పే సాక్ష్యాన్నీ, ఎవరి కోసమైతే ఆ కంప్యూటరు ఉందో వాళ్ళ డేటానీ ఒకే దెబ్బకి తుడిచెయ్యడం. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. పైగా ఈ కేసులో ఇల్లు తగలబడినా ఎలకలు అలాగే ఉంటాయి.

ఒకే జ్వరం, రెండు జబ్బులు

మలేరియాకీ జ్వరమే, టైఫాయిడ్‌కీ జ్వరమే. రక్తపరీక్ష లేకుండా మందు రాసే డాక్టర్ని మనం డాక్టరనం. కంప్యూటరు "హ్యాంగ్ అవ్వడం" కూడా అలాంటి జ్వరమే. దాని వెనక ముఖ్యంగా రెండు వేర్వేరు జబ్బులుంటాయి. ఒకటి, డిస్కు లోపల నిజంగానే కొన్ని బ్లాకులు చెడిపోవడం. రెండోది, డిస్కు బానే ఉన్నా దానికీ మదర్‌బోర్డులోని కంట్రోలరుకీ మధ్య మాటలు తెగిపోవడం. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మౌస్ పాయింటరు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటుంది, మీరు టీ తాగి వచ్చేసరికి మళ్ళీ కదులుతుంది. లేదా కదలదు.

ఎందుకు ఒకేలా కనిపిస్తాయో అర్థమైతే సగం గొడవ వదిలిపోతుంది. డిస్కు మీద డేటా సెక్టార్లుగా ఉంటుంది. పాతవాటిలో ఒక్కోటి 512 బైట్లు, ఈమధ్య డిస్కుల్లో చాలావాటికి 4096. ప్రతి సెక్టారుతోపాటు తప్పులు పట్టుకుని దిద్దుకునే కోడు కూడా కొంత రాసి ఉంటుంది. చదివిన డేటా ఆ కోడుతో పొసగకపోతే డిస్కు వెంటనే ఓటమి ఒప్పుకోదు. మళ్ళీ చదువుతుంది, హెడ్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి చదువుతుంది, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒక్క మొండి సెక్టారు మీద మామూలు డెస్క్‌టాప్ డిస్కు అర నిమిషానికి పైగా కుస్తీ పట్టొచ్చు. ఆ సేపూ బయటివాళ్ళకి అది జవాబివ్వదు. ఇవతల లినక్స్ కెర్నెల్ మామూలుగా 30 సెకన్లు ఎదురుచూసి, "వీడు పోయినట్టున్నాడు" అని లింకుని రీసెట్ చేసేస్తుంది. చూసేవాడికి కంట్రోలరు లాకప్ అయినట్టే ఉంటుంది. అసలు దొంగ బ్యాడ్ బ్లాకు. సర్వర్ల కోసం చేసిన డిస్కులు సుమారు 7 సెకన్లకే చేతులెత్తేసి "చదవలేకపోయాను" అని చెప్పేది అందుకే. అక్కడ రెయిడ్‌లో వేరే కాపీ ఉంటుంది కాబట్టి మొండిపట్టు అక్కర్లేదు.

ఇక దీనికి తలకిందుల కథ. డిస్కు నిక్షేపంలా ఉంది. కానీ సాటా కేబులు చివర కాస్త వదులైంది, లేదా ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వచ్చే 12 వోల్టుల లైను బరువు పడ్డప్పుడల్లా కిందికి జారుతోంది, లేదా బోర్డు మీది కంట్రోలరు చిప్పులోనే లోపముంది. ఆజ్ఞ వెళ్తుంది, జవాబు చెడిపోయి వస్తుంది, సి.ఆర్.సి. సరిపోదు, మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెడిపోతుంది, రీసెట్. ఇంకా తమాషా ఏంటంటే, సెక్టారు రాస్తుండగా కరెంటు తగ్గితే ఆ సెక్టారులో డేటాకీ కోడుకీ పొంతన కుదరకుండా పోవచ్చు. తర్వాత చదవబోతే అది "బ్యాడ్" అనే చెబుతుంది. డిస్కు పలక మీద గీత కూడా పడలేదు, మళ్ళీ రాస్తే అదే సెక్టారు శుభ్రంగా పనిచేస్తుంది. అంటే పవర్ సప్లై చేసిన నేరానికి డిస్కు జైలుకెళ్తుందన్నమాట.

రాసిపెట్టే ఉంది, చదివేవాడే లేడు

ఇంత చిక్కుముడి అయితే షాపువాడు ఎలా విప్పుతాడండీ అంటారా? అక్కడే ఉంది అసలు సంగతి. ముడి విప్పాల్సిన పనే లేదు. ఏం జరిగిందో కంప్యూటరే రాసిపెడుతుంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. 'డిస్క్' అనే సోర్సు దగ్గర 7వ నంబరు ఉందంటే, ఈ పరికరంలో బ్యాడ్ బ్లాకు ఉందని డిస్కు ఒప్పుకున్నట్టు. 11 అంటే కంట్రోలరు ఎర్రరు. 9 అంటే గడువులోగా పలకలేదని. 129 అంటే విసుగొచ్చి రీసెట్ చేశామని. లినక్స్ వాళ్ళకైతే కెర్నెల్ లాగ్‌లో ఇంకా వివరంగా, ఏ పోర్టు, ఏ ఆజ్ఞ, ఎలాంటి ఎర్రరు అన్నీ ఉంటాయి. లింకు మాటిమాటికీ తెగుతుంటే వేగాన్ని తనే తగ్గించుకుని, తగ్గించుకున్నానని కూడా రాస్తుంది పాపం.

రెండో సాక్షి డిస్కు లోపలే ఉంది. దాని పేరు స్మార్ట్. అది డిస్కు రాసుకునే ఆత్మకథ. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో ఒక్క నిమిషంలో చదవొచ్చు. పాతిక ముప్ఫై వరసలు కనిపిస్తాయి గానీ, సాటా హార్డు డిస్కుల్లో మనక్కావలసినవి నాలుగే. 5వ నంబరు, ఇప్పటికే చెడిపోయి బదులు వాడుతున్న సెక్టార్లు. 197, అనుమానం మీద పక్కన పెట్టినవి. 198, డిస్కు తనంతట తను తనిఖీ చేసుకున్నా చదవలేకపోయినవి. 199, కేబులు దారిలో చెడిపోయిన రవాణా.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. లాగ్‌లో 7, స్మార్ట్‌లో 197 పెరుగుతోంది అంటే జబ్బు డిస్కుది. లాగ్‌లో 11, 129 వస్తున్నాయి, 5, 197 సున్నా, 199 మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది అంటే ముందు కేబులు, తర్వాత పోర్టు, ఆ తర్వాత పవర్ చూడాలి. ఏ లెక్కా పెరగకుండా రీసెట్లు మాత్రమే వస్తుంటే పవర్ సప్లై, కంట్రోలరు, డ్రైవరు, ఫర్మ్‌వేరు వరస. ఒక్క జాగ్రత్త, 199 లెక్క ఎప్పటికీ వెనక్కి తగ్గదు. ఎప్పుడో ఐదేళ్ళ కిందట పడ్డ మచ్చ కూడా అలాగే ఉంటుంది. చూడాల్సింది ఎంత ఉందని కాదు, పెరుగుతోందా లేదా అని.

ఇది రాకెట్ సైన్సేమీ కాదు. పది నిమిషాల పని. కోడ్‌లో నల్ పాయింటరు ఎక్కడొచ్చిందో వెయ్యి లైన్ల స్టాక్ ట్రేస్‌లో వెతికి పట్టుకునే మనకి, నాలుగు అంకెలు చదవడం కష్టమా?

రెండు చావులు

మా మావయ్యకి ద్వారకానగర్ సందులో చిన్న డీటీపీ సెంటరుంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు. పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ ఉన్న పాత మిషనే ఆయనకి అన్నం పెట్టేది. ఎన్నో ఏళ్ళ డిజైన్లు అందులోనే. అది రోజుకి పదిసార్లు బిగుసుకుపోవడం మొదలెట్టింది. షాపులో ఎప్పటిలాగే "హార్డు డిస్కు పోయిందండి. కొత్తది వెయ్యాలి. డేటా కావాలంటే ఎనిమిది వేలు అదనం" అన్నారు. "ఏటయ్యిందిరా దీనికి, నిన్నటిదాకా బానే ఉంది కదా" అని ఆయన గోల. లాగ్ తీస్తే వరసగా 9, 11. ఒక్క 7 కూడా లేదు. స్మార్ట్‌లో 5, 197, 198 మూడూ సున్నా. 199 మాత్రం వెయ్యి దాటింది. కేబులు పీకి చూస్తే చివర్న పచ్చగా చిలుము. వంద రూపాయలు పెట్టి కొత్త కేబులు వేస్తే ఆ లెక్క అక్కడే ఆగిపోయింది, హ్యాంగులూ ఆగిపోయాయి. ఎనిమిది వేలూ, కొత్త డిస్కూ, పోయే డిజైన్లూ, అన్నిటికీ బదులు వంద రూపాయలు.

రెండో కథ అంత సుఖాంతం కాదు. నా స్నేహితుడి నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. శ్రీకాకుళం జిల్లాలోని తమ ఊరి చరిత్ర, ముసలివాళ్ళు చెప్పినవన్నీ పోగేసుకుని, పదకొండేళ్ళపాటు ఒంటివేలితో టైపు చేసుకున్నారు. ఆయన కంప్యూటరుది అసలైన బ్యాడ్ బ్లాకుల జబ్బే. లాగ్ నిండా 7వ నంబరే. అప్పటికింకా డిస్కు చాలామటుకు చదవగలుగుతూనే ఉంది. ముందు ఫైళ్ళు కాపీ చేసుంటే గంటలో పని. షాపులో ఏం చేశారో తెలుసా? "రిపేరు" అని చెప్పి రాత్రంతా చెక్‌డిస్క్ పెట్టి వెళ్ళిపోయారు. చచ్చిపోతున్న డిస్కుని మొదటి సెక్టారు నుంచి చివరిదాకా చదివించడమంటే, గుండెపోటు వచ్చినవాణ్ణి సింహాచలం మెట్లు ఎక్కించి ఓపిక ఎంతుందో చూడటమే. తెల్లారేసరికి డిస్కు టిక్కుటిక్కుమంటోంది. ఆ మీదట దానిమీదే ఫార్మాట్ కూడా ప్రయత్నించారు. మాస్టారికి మిగిలింది మొదటి నలభై పేజీల ప్రింటు. ఆయన చెప్పిన ముసలివాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు, మళ్ళీ అడిగి రాసుకోవడానికి.

మొదటి కేసులో బతికున్న డిస్కుకి చావు రాశారు. రెండో కేసులో కాపాడగలిగిన దాన్ని చేతులారా చంపారు. రెండింటిలో కారణం ఒకటే. ఏ జబ్బో చూడకుండా మందెయ్యడం.

మరి ఫార్మాట్‌తో బాగవుతుంది కదా?

అవుతుంది, కొన్నిసార్లు. అందుకే ఈ మూఢనమ్మకం ఇన్నాళ్ళు బతికింది. ఎలా అవుతుందో చూస్తే నవ్వొస్తుంది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక లక్షణముండేది. ఐడీఈ డిస్కుతో మాట్లాడేటప్పుడు టైమవుట్లూ, సి.ఆర్.సి. ఎర్రర్లూ అన్నీ కలిపి ఆరు పోగయితే, విండోస్ వేగంగా పోయే డీఎమ్ఏ పద్ధతి నుంచి మెట్టుమెట్టుగా దిగజారి చివరికి పీఐఓ పద్ధతికి పడిపోయేది. ఇక అక్కణ్ణుంచి ప్రతి బైటునీ ప్రాసెసరే మోసుకెళ్ళాలి. సిస్టమ్ నత్తనడక. జనం ఏం చేశారు? ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ వేశారు. కొత్త ఇన్‌స్టలేషన్‌లో ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి డీఎమ్ఏ తిరిగొచ్చింది, కంప్యూటరు పరుగెత్తింది. "చూశారా, ఫార్మాట్ చేస్తే బాగుపడింది!" నిజానికి డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానెల్‌ని తీసేసి రీబూట్ చేస్తే చాలు, ఐదు నిమిషాల పని, ఒక్క ఫైలు పోదు. ఆ నలిగిన కేబులు మాత్రం అలాగే ఉండేది. మూడు నెలల్లో మళ్ళీ ఆరు ఎర్రర్లు, మళ్ళీ షాపు, మళ్ళీ ఫార్మాట్. ఒక తరం మొత్తానికి "ఆరు నెలలకోసారి ఫార్మాట్ చేయించుకోవాలి" అనే ఆచారం మప్పడంలో దీని చెయ్యి తక్కువేమీ కాదు.

ఇక అసలు బ్యాడ్ బ్లాకుల మాటకొస్తే, క్విక్ ఫార్మాట్ వాటిని చూడనైనా చూడదు, విషయసూచిక కాయితం కొత్తది రాస్తుందంతే. ఎక్స్‌పీ వరకూ ఫుల్ ఫార్మాట్ కూడా డిస్కునంతా చదివి చూసేది తప్ప రాసేది కాదు. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాస్తోంది. అలా రాసేటప్పుడు అనుమానపు సెక్టార్లని డిస్కు తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లతో మార్చేసుకుంటుంది. 197 సున్నా అవుతుంది, అందరూ సంతోషం. కానీ హెడ్డు అరిగిపోతున్న డిస్కయితే వచ్చే నెల మళ్ళీ కొత్త సెక్టార్లు చెడతాయి. గోడకి బీటలిస్తే సున్నం కొట్టి ఇల్లు గట్టిపడిందన్నట్టు.

పెద్ద కంపెనీలే తప్పు పట్టుకున్న చోట

మనవాళ్ళు "డిస్కు పోయింది" అని కొట్టిపారేసేవాటిలో, డిస్కు కాదు దోషి అని చరిత్ర చెప్పిన పెద్ద కేసు ఒకటుంది. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్లలో లోపముందని ప్రకటించింది. అందులో 0, 1 నంబర్ల సాటా పోర్టులు బాగానే ఉంటాయి. 2 నుంచి 5 వరకూ ఉన్న పోర్టులు మాత్రం కాలం గడిచేకొద్దీ నీరసించిపోవచ్చు. రిపేర్లకీ, మార్పిళ్ళకీ 70 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. ఇప్పుడు ఊహించుకోండి, అలాంటి బోర్డులో 3వ పోర్టుకి తగిలించిన డిస్కు ఎర్రర్లు చూపిస్తుంటే, "ఫార్మాట్ కొట్టండి" అన్నవాడు ఎన్నిసార్లు కొడితే బాగయ్యేది? డిస్కుని తీసి పక్క పోర్టులో పెట్టినవాడికి ఒక్క పైసా ఖర్చు లేకుండా జవాబు దొరికేది.

దీనికంటే ముందు 2009 జనవరిలో సీగేట్ బారకుడా 7200.11 డిస్కుల గొడవ. ఫర్మ్‌వేరులో లోపం వల్ల కొన్ని డిస్కులు కరెంటు ఇవ్వగానే లోపల్లోపల బిగుసుకుపోయి, బయోస్‌కి కనపడకుండా పోయాయి. పలకల మీద డేటా మాత్రం చెక్కుచెదరలేదు. కంపెనీయే ఆ మాట చెప్పి, ఫర్మ్‌వేరు సవరించి ఇచ్చి, ఇరుక్కున్న వాళ్ళకి డేటా ఉచితంగా తీసిస్తామంది. "కనపడట్లేదు కాబట్టి చచ్చింది" అనుకుని అటకెక్కించినవాడికీ, కారణం తెలుసుకున్నవాడికీ మధ్య తేడా అక్కడుంది.

"ఇప్పుడెవరండీ హార్డు డిస్కులు వాడేది, అందరూ ఎస్ఎస్‌డీలే కదా" అనే వాళ్ళకి ఇంకోటి. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ తన సర్వర్ ఎస్ఎస్‌డీలు కొన్ని సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, డేటా కూడా తిరిగి రాదని, ముందే ఫర్మ్‌వేరు మార్చుకోమని హెచ్చరించింది. ఆ సంఖ్య చూడగానే మీకు ముసిముసి నవ్వొచ్చుంటుంది, 2 పక్కన 15 ఘాతం! ఎవడో మనలాంటి ప్రోగ్రామరే చేసిన నిర్వాకమని అనుమానం రాక మానదు. 2012లో క్రూషియల్ ఎం4కీ ఇలాంటిదే, 5,184 గంటలు దాటాక గంటకోసారి బిగుసుకుపోయేది, ఫర్మ్‌వేరు మారిస్తే తగ్గింది. అంటే ఎస్ఎస్‌డీ వచ్చినా జబ్బులు పోలేదు, వేషం మార్చాయి. షాపులో మంత్రం కూడా "ఫార్మాట్" నుంచి "ఎస్ఎస్‌డీ వేయించుకోండి" అని వేషం మార్చింది.

మన ఊరికి ఇంకొంచెం ఎక్కువ అవసరం

విశాఖలో సముద్రపు గాలి ఇనపగేటునే తినేస్తుంది. సన్నటి కేబులు కొనల్నీ, బోర్డు మీది కాంటాక్టుల్నీ వదిలేస్తుందా? దానికి పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము తోడు. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఆ తర్వాత జనరేటర్ల మీద నడిపిన కంప్యూటర్లెన్నో. ఎస్.ఎం.పి.ఎస్. ఇచ్చే 12 వోల్టులు 11.4కీ 12.6కీ మధ్యే ఉండాలని ఏటీఎక్స్ ప్రమాణం. మీ ఇంటి అసెంబుల్డ్ సిస్టమ్‌లో ఎంతుందో ఎవరన్నా మల్టీమీటరు పెట్టి చూశారా? ఎర్తింగ్ పిన్ను విరిచేసి రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చిన ఇళ్ళు ఎన్ని లేవు? ఇలాంటి ఊళ్ళో డిస్కుకి రాని జబ్బు డిస్కుకి అంటగట్టే అవకాశం ఎక్కువ. అంటే పరీక్ష ఇంకా ఎక్కువ చెయ్యాలి. మనం అస్సలు చెయ్యం.

ఇదే ఊళ్ళో స్టీలు ప్లాంటుంది. బ్లాస్టు ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. గోదావరి మొరాయించిందనుకోండి, "ఏం చూడక్కర్లేదు, పడగొట్టి కొత్తది కట్టేద్దాం" అనే ఇంజనీరుని గేటు లోపలికి రానిస్తారా? లాగు పుస్తకం తెమ్మంటారు, ఏ రీడింగు ఎప్పుడు తప్పిందో చూస్తారు. ఉక్కు కరిగించే వాళ్ళకి ఉన్న పద్ధతి, కంప్యూటర్లు చదువుకున్న మనకి లేకపోవడం సిగ్గుచేటు.

ఎదురుచెప్పేవాళ్ళకి

"షాపువాడు పరీక్షకి టైము పెడితే ఎవడిస్తాడండీ డబ్బులు?" నిజం. ఫార్మాట్‌కి ఐదొందలు ఇస్తాం గానీ "కేబులు మార్చా, వంద ఇవ్వండి, చూసినందుకు రెండొందలు" అంటే "కేబులుకి ఇంతా?" అని దెబ్బలాడతాం. మందులకి డబ్బులిచ్చి డాక్టరు ఫీజు ఎగ్గొట్టే రోగులం మనం. కాబట్టి మొదట మారాల్సింది మనమే. ఏమీ మార్చకుండా, జబ్బేంటో మాత్రం చెప్పినవాడికి కూడా డబ్బులివ్వాలి.

"స్మార్ట్‌ని నమ్మలేమండీ, గూగులే చెప్పింది" అని ఇంకొందరు మేధావులు. సరే, 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల మీద ప్రకటించిన పరిశీలన చూద్దాం. చచ్చిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ కనపడలేదట. నిజమే. కానీ అదే పరిశీలనలో, మొదటి స్కాన్ ఎర్రరు కనపడ్డ డిస్కు తర్వాతి 60 రోజుల్లో చచ్చే అవకాశం, ఎర్రరు లేనిదానికంటే 39 రెట్లు ఎక్కువని కూడా ఉంది. అంటే స్మార్ట్ మౌనంగా ఉంటే ఆరోగ్యమని కాదు, మాట్లాడితే మాత్రం వినాలి. ఇది బ్యాకప్ పెట్టుకోమని చెప్పే వాదన. ఫార్మాట్ చెయ్యమని చెప్పేది ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

"బ్యాకప్ పెట్టుకోకపోవడం వాళ్ళ తప్పు కదా" అనేది మూడోది. మనం గిట్‌లో పెట్టుకుంటాం, క్లౌడులో పెట్టుకుంటాం. మాస్టారికి ఆ మాట చెప్పాల్సిన ఇంజనీరు ఎవరు? వాళ్ళింట్లోనే పుట్టి, నాలుగేళ్ళు ఫీజు కట్టించుకుని, బెంగుళూరులో కూర్చున్నవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తప్పే. మంట పక్కనే ఉందని తెలిసీ చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.

కాబట్టి ఏం చెయ్యాలి

వరస మారాలి, అంతే. మొదట కాపీ, తర్వాత పరీక్ష, ఆఖర్న మార్పు. డిస్కు ఇంకా పలుకుతుంటే ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరే చోటికి తియ్యండి. సెక్టార్లు చదవనివ్వకపోతే జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటిది వాడండి, అది ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని మొండివాటిని చివరికి వదిలేస్తుంది. కాపీ చేతికొచ్చేదాకా చెక్‌డిస్క్ జోలికి పోవద్దు. తర్వాత లాగ్, స్మార్ట్ చదవండి. అనుమానమున్నది ఒక్కసారికి ఒక్కటే మార్చండి, ముందు కేబులు, తర్వాత పోర్టు, తర్వాత పవర్ సప్లై. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది దొంగో ఎప్పటికీ తెలీదు. 197 పెరుగుతున్న డిస్కుని మాత్రం జాలిపడకుండా పక్కన పెట్టెయ్యండి, అది మళ్ళీ నమ్మదగ్గది కాదు.

షాపులవాళ్ళని ఒక్కటి అడగండి. "డిస్కు పోయింది" అని చెప్పేటప్పుడు బిల్లు మీద ఐదు అంకెలు రాయమనండి, లాగ్‌లో ఏ నంబరు వచ్చింది, 5, 197, 198, 199 ఎంతెంత. రాయనంటే డిస్కు వెనక్కి తెచ్చుకోండి. ఈ ప్రశ్న రోజుకి పదిమంది అడిగితే ద్వారకానగర్‌లో ప్రతి షాపూ నెల తిరిగేసరికి నేర్చుకుంటుంది. వాళ్ళకి తెలివి తక్కువై కాదు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే.

ఇక మనం. ఈసారి ఇంటినుంచి ఫోనొస్తే "ఫార్మాట్" అనే మాట నోట్లోంచి రాకముందు ఓ పది నిమిషాలు రిమోట్‌లో ఆ లాగ్ తెరవండి. ఎవరిదో బ్యాంకు సర్వరు కోసం రాత్రుళ్ళు మేలుకుంటున్నాం, నాన్న రాసుకున్నదాని కోసం పది నిమిషాలు మేలుకోలేమా?